కేంద్రం నేల, పంచాయతీ మట్టి

నౌపడ దాటాక ఉప్పు మళ్ల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు కాంతమ్మది. ఊరి పేరు రాయను. అక్కడి ఆఫీసర్ల మీద కోపం నాకింకా చల్లారలేదు, ఆ తప్పుకు దేవుడు నన్ను క్షమించాలి.

కాంతమ్మ మిషన్ బళ్లో ఏడో తరగతి దాకా చదివి, ముప్పై ఏళ్లు మళ్లలో ఉప్పు లాగింది. పాదాల పగుళ్లు మండి చెప్పులు వేసుకోలేక, ఆదివారం ఒట్టికాళ్లతోనే గుడికి వచ్చేది. మా బాప్టిస్టు గుడి స్త్రీల సమాజం ఉత్తరాలన్నీ ఆమే రాసేది. అందులో ఒకటి ప్రతి క్రిస్మస్‌కీ కేకుతో పాటు ఉప్పు ఆఫీసుకి వెళ్లేది: "మా వాళ్లను మీ స్థలంలో పడుకోనిస్తున్నందుకు వందనాలు." అలా రాయమని ఎవరూ అడగలేదు. మేలు చేసినవాళ్లకు వందనం చెప్పకపోతే ఆమెకు అన్నం సహించదు.

కిందటి ఫిబ్రవరిలో ఆమె భర్త సత్యం ప్రభువునందు నిద్రించాడు. తెల్లారగానే గొయ్యి తవ్వడానికి వెళ్లినవాళ్లు గునపాలతో తిరిగొచ్చారు. ఉప్పు మళ్లను ఆనుకుని ఉన్న మా సమాధుల చోట గేటుకి కొత్త తాళం, పైన బోర్డు: కేంద్ర ప్రభుత్వ భూమి, ప్రవేశం నిషేధం.

కాంతమ్మ పాస్టరు గారిని వెంటబెట్టుకుని ఉప్పు ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసరు జగన్నాధం ఇద్దరికీ కుర్చీ చూపించలేదు.

"ఉప్పు కేంద్రం జాబితాలోది. ఆ మళ్ల భూమి కేంద్రానిది" అన్నాడు.

"సచ్చినోల్ని పూడిసే సోటు ఎవుల జాబితాలో ఉన్నాది బాబూ?"

"శ్మశానాలు రాష్ట్రం జాబితా. రాష్ట్రాన్నే అడుక్కోండి."

అక్కణ్ణించి పంచాయతీ ఆఫీసుకి వెళితే, కార్యదర్శి పృథ్వీరాజ్ ఫోన్లోంచి తలెత్తలేదు. "శ్మశానం సూసుకోడం మా పనే అత్తా, నేల మాదయితే. కేంద్రం నేల మీద మేం కాలు పెట్టకూడదు."

"మరి నా మొగుడెక్కడ కాళ్లు సాపుకుంటాడ్రా?"

"తాసిల్దారుకి దరఖాస్తు పెట్టు. ఆయన కలెక్టరుకి రాస్తాడు. అక్కణ్ణించి రాజధానికెల్తాది, రాజధాని ఢిల్లీకి రాస్తాది."

"ఢిల్లీ పలికేదాకా శవానికి ఐసు నువ్వు తెస్తావేటి?"

ఐసు కూర్మమ్మ తెచ్చింది. పక్కవీధిలో చేపలమ్మే మనిషి. ఆ రోజు సంతకి పోకుండా, తన చేపల పెట్టెలో ఐసంతా తీసుకొచ్చి సత్యం చుట్టూ సర్దింది.

మధ్యాహ్నం కాంతమ్మ మళ్లీ ఉప్పు ఆఫీసు గుమ్మం ఎక్కింది. "నలభయ్యేళ్లుగా అది మా సోటు" అంది. జగన్నాధం బీరువాలోంచి ఫైలు తీసి బల్ల మీద పడేశాడు. అన్నీ క్రిస్మస్ ఉత్తరాలే.

"ఇది మీ చేతిరాతేనా? 'మీ స్థలంలో' అని ఏటేటా మీరే ఒప్పుకున్నారు. కోర్టుకిది చాలు."

కేకు తిన్న నోటితోనే అన్నాడు ఆ మాట. కాంతమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "నా సేత్తో నేనే నా మొగుడికి సోటు నేకుండా సేసీసినానయ్యా" అని పాస్టరు గారి ముందు బావురుమంది. వెంట వచ్చిన కుర్రకారు ఆఫీసు మీదికి రాళ్లేరుతుంటే ఆయన చేతులడ్డం పెట్టారు. ఆమె లేచి కళ్లు తుడుచుకుంది.

"ఆడి నేల మనకొద్దు. తవ్వకండి. గంపలు తెండి."

మా చోట రెండడుగులు తవ్వితే ఉప్పునీరు ఊరుతుంది. అందుకే ఎవరు పోయినా అడుగు లోతే తవ్వి, ఇంటికో గంప చొప్పున పంచాయతీ దిబ్బ మట్టి మోసుకెళ్లి, ఎత్తు చేసి పూడుస్తాం. ఆ రోజు గొయ్యే లేదు. గేటుకి తాళముంది కానీ పక్కన కంచె ఎప్పుడో పడిపోయింది. ఆ సందులోంచి వెళ్లి, సత్యం శవపెట్టెను నేల మీదే ఉంచి, చుట్టూ మట్టి పోయసాగారు. కూర్మమ్మ వీధి వాళ్లూ గంపలెత్తారు.

జగన్నాధం కానిస్టేబుల్‌ను వెంటేసుకుని వచ్చాడు. "ఆక్రమణ! ఆపు వాళ్లని!"

"తవ్వలేదు బాబూ. నీ నేల కిందన నీకే ఉన్నాది" అంది కాంతమ్మ, గంప కుమ్మరిస్తూ.

కానిస్టేబుల్ కదల్లేదు. "పోలీసు రాష్ట్రం జాబితా అండీ. మా ఎస్సైగారికి మీరు కాగితం రాయాల" అని టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టినా జగన్నాధం ఫోన్‌తో ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

నాలుగో రోజున రెండు నోటీసులొచ్చాయి. కేంద్రం భూమి మీద పోసిన మట్టి పదిహేను రోజుల్లో తీసెయ్యాలని ఒకటి. పంచాయతీ మట్టి అనుమతి లేకుండా తరలించినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఇంకొకటి. కాంతమ్మ గుమ్మంలోనే నిలబడి రెండూ చదివి, రెండోది తెచ్చిన పంచాయతీ బంట్రోతుకి చెప్పింది:

"ఆ మట్టి ఎవులిదో ముందు ఆల్లిద్దర్నీ తేల్సుకోమను. అందాక నా మొగుడి మీద ఎవుడు సెయ్యేసినా పారతో తలకాయ పగలగొడతాను."

లోపల కూర్చున్న పాస్టరు గారు ఆ మాట విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ టీ తాగారు.