లివర్‌పూల్‌కు నేను చెప్పిన అర్థం

ఒక ఊరి పేరుకు అర్థం చెప్పి, ఓ ఆడపిల్ల ఉద్యోగాన్ని నిలువునా ముంచబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే.

సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలో ఉద్యోగానికని రాయ్‌పూర్ వచ్చాను. పగలంతా సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసు, సాయంత్రం మోవాలో అద్దె గది. ఇన్‌కమింగ్ ఉచితమే గానీ, నాకు ఫోన్ చేసేవాళ్ళే లేరు. తెలుగు మాట్లాడక నాలుక తుప్పు పడుతుందేమోనని అద్దంలో నన్ను నేనే "ఏవండీ, భోంచేశారా?" అని పలకరించుకునేవాణ్ణి. "ఇంకా లేదండీ" అని జవాబూ నేనే.

ఒకరోజు డబ్ల్యూఆర్ఎస్ కాలనీ కూరగాయల బజారులో ఒకావిడ హిందీ కలిసిన తెలుగులో "ఏటీ, టమాటాలు ఇంత మహంగానా!" అనడం విని, తప్పిపోయిన దూడలా ఆవిడ వెంటపడ్డాను. ఆవిడే మరియమ్మత్తయ్య. భర్త రైల్వేలో పనిచేస్తూ చనిపోయారు. ఒక్కతే కూతురు సునీత, నర్సు. అప్పటినుంచి నా ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే.

అలాంటి ఒక ఆదివారం అత్తయ్య చారు కలుపుతూ అంది: "మన సునీతకి ఇంగ్లండులో నౌకరీ పక్కా అయిపోనాది బాబూ. లివర్‌పూల్ అట. ఆ పేరుకి అర్థమేటి? సదువుకున్నోడివి, సెప్పు."

తెలీదు అనొచ్చుగా? అంటే ఆ ఇంట్లో నా విలువ పడిపోతుందని భయం!

"లివర్ అంటే కాలేయం, పూల్ అంటే మడుగు. ఆ మడుగు నీళ్ళు తాగి జనాలకు కాలేయం చెడిపోయేదేమో. అందుకే ఆ పేరు."

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "దాని నాన్న కామెర్లతోనే పోయాడు బాబూ. పిల్ల ఎళ్ళదు. బస్, ఖతం."

చెయ్యి కడుక్కుని లేచాను. పరుగున ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి, వెతికి, రొప్పుతూ తిరిగొచ్చాను.

"అత్తయ్యా, శుభవార్త! అది కాలేయం కాదట. పాత ఇంగ్లీషులో చిక్కటి బురదనీళ్ళ మడుగని!"

"బురదా? అయితే మలేరియా కూడానా!" అంటూ ఆవిడ ఏడుపు అందుకుంది.

సరిగ్గా అప్పుడే సునీత డ్యూటీ నుంచి వచ్చింది. సంగతంతా విని, నా వైపు ఇంజెక్షన్ సూదిలాంటి చూపు చూసి, తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, రాయ్‌పూర్ అంటే రాళ్ళ ఊరని ఈయనే సెప్తాడు రేపు. ఇన్నేళ్ళూ మనం రాళ్ళే తిన్నామేటి?"

అత్తయ్య ఏడుస్తూనే నవ్వేసింది. నెల తిరక్కుండా సునీత విమానమెక్కింది.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్య అలవాటు చొప్పున మూడు కంచాలు పెట్టి, ఒకటి మెల్లగా వెనక్కి తీసింది. పప్పు వడ్డిస్తూ అడిగింది.

"పిల్ల గది తీసుకున్న వీధి పేరు పెన్నీ లేన్ అట. అర్థమేటి బాబూ?"

గబగబా ముద్ద నోట్లో కుక్కుకున్నాను. "నాకు తెలీదత్తయ్యా."

"హమ్మయ్య! నీకు తెలీదంటే మంచి వీధే అయ్యుంటాది."

ఎడమచెయ్యి గుండెమీద, కుడిచెయ్యి పప్పన్నంలో పెట్టి ఆ క్షణమే ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో, భూగోళం మీద ఏ ఊరికీ, వీధికీ, సందుకీ అర్థం చెప్పను గాక చెప్పను.