కాలేజీవాళ్ల లెక్కల పరీక్ష, మా మరిది పరువు

మొన్న ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, కరామా బజారులో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే మెట్రో దారిలో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ల కొత్త బోర్డు కనిపించింది, కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్టులో టాప్ స్కోరు గ్యారంటీ అని. కొత్తగా చేరే పిల్లలకు ఏ లెక్కల క్లాసు సరిపోతుందో చూడటానికి పెట్టే పరీక్ష అది. సీటు ముందే వచ్చేసి ఉంటుంది, పాసూ లేదు, ఫెయిలూ లేదు. చెప్పులు కొనేముందు పాదం కొలిచి చూసుకోవడం లాంటిది, దానికి కోచింగేమిటి నా మొహం.

కరోనా ఏడాది, బళ్లన్నీ మూతపడి పిల్లలు ఇళ్లలోనే కంప్యూటర్ల ముందు కూర్చున్న రోజుల్లో, మా చెల్లెలి కూతురికి ఇక్కడి కాలేజీలోనే సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వంతెనలు కట్టాలని దానికి చిన్నప్పటినుంచీ పిచ్చి. షార్జాలో ఏళ్లతరబడి లెక్కలు చెప్పినదాన్ని కనక ఈ టెస్టు సంగతి నన్నే అడిగింది, ఆన్‌లైన్ పాఠాల్లో త్రికోణమితి బుర్రకెక్కలేదని కూడా దాచకుండా చెప్పింది. రానిది రాదని వదిలెయ్యమ్మా, కింది క్లాసులో వేస్తారు, అక్కడ మొదటినుంచీ చెప్తారు అన్నాను.

దాని తండ్రి, మా మరిది, వింటేగా. ఎంసెట్ ర్యాంకుల గాలి పీల్చి పెరిగిన మనిషి, ఆయన లెక్కలో పరీక్షంటే మార్కులు కొట్టడమే. “కింది క్లాసంటే నలుగురిలో నా పరువేం కాను వదినా? పక్క ఫ్లాట్లో ఇంజనీరుగారున్నారుగా, ఆయన చూసుకుంటారు, ఖలాస్” అన్నాడు. ఆ ఏడాది పరీక్ష కూడా ఇంట్లోంచే, కంప్యూటర్లోనే. కెమెరా ముందు పిల్ల, కెమెరాకు కనపడకుండా బల్లకు అవతల కూర్చుని వేళ్లతో జవాబులు చూపించే ఆ పెద్దమనిషి, ఆయనకు చప్పుడు కాకుండా టీ అందించే మా చెల్లెలు. తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. పైగా ఆ సాయంత్రం బిర్యానీ తెప్పించి పండగ చేసుకున్నారు.

ఇంకేముంది, మార్కులు బాగా వచ్చాయని కాలేజీవాళ్లు తిన్నగా తీసుకెళ్లి పైమెట్టు కాల్‌క్యులస్ క్లాసులో కూర్చోబెట్టారు. మొదటి వారం నుంచే పిల్లకు ఏమీ అర్థం కాలేదు. కింది క్లాసుకు మార్చమని అడుగుతానంటే తండ్రి అడగనివ్వలేదు, జరిగింది బయటపడుతుందని ఆయన భయం. కొరివితో తల గోక్కున్నవాళ్లు వీళ్లయితే కాలింది దానికి. లెక్కలు తప్పి, మళ్లీ తప్పి, చివరికి ఇంజనీరింగే వదిలేసింది.

ఇప్పుడు ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తోంది. పోయిన ఆదివారం వచ్చినప్పుడు మళ్లీ చదవకూడదుటే అంటే, “నాకు లెక్కలు రావుగా పెద్దమ్మా” అంది, మామూలుగా, ఉప్పు లేదన్నట్టు.

మా చిన్నప్పుడు ఎక్కం రాకపోతే పంతులుగారు కింది తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టేవారు. ఏడ్చేవాళ్లం, వాళ్లతోపాటే వల్లించి నేర్చుకుని మన తరగతికి మనం వచ్చేసేవాళ్లం, ఇంట్లో ఎవరి పరువూ పోయేది కాదు. రాదని చెప్పడానికి అప్పుడు పిల్లలు జంకేవాళ్లు, ఇప్పుడు పిల్లలు చెప్తామన్నా పెద్దవాళ్లు నోరు మూయిస్తున్నారు. త్రికోణమితి ఒక్కటే రాదని ఆ పిల్ల చెప్పిన రోజున విని ఉంటే, ఇవాళ అసలు లెక్కలే రావని నమ్మేది కాదు.