తెల్ల మూటల గోదాములో టీపెట్టె దొర

పోయిన నెలలో ఒక ఉదయం మా అమ్మాయి నన్ను సింగపూరులో మేముండే టాంపినీస్ నుంచి రైల్లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. కొంతకాలంగా విడవని పొడి దగ్గు, నాలుగు అడుగులు గబగబా వేస్తే కుడి పక్కటెముకల కింద ఎవరో వేలుపెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. ఎనభై దాటినవాళ్ళకు ఇవన్నీ మామూలే అనుకుంటూ వచ్చాను, మీలో చాలామంది కూడా అలాగే అనుకుంటూ ఉండి ఉంటారు. డాక్టరు మా మనవడి ఈడువాడు, చైనీస్ కుర్రాడు, మర్యాదస్థుడు. తెర మీద నా ఛాతీ బొమ్మను పైకీ కిందికీ జరిపి చూసి, చిన్నతనంలో ఎప్పుడైనా ఓడల రేవులో పనిచేశారా, లేకపోతే తెల్లటి రాతినార, అదే ఆస్‌బెస్టాస్, దుమ్ము ఎగిరే చోట ఎక్కువసేపు గడిపారా అని అడిగాడు. నేను నోరు విప్పేలోగా మా అమ్మాయే జవాబు చెప్పేసింది.

"నో లా డాక్టర్, అమ్మ ప్రైమరీ స్కూల్ టీచర్. ఓన్లీ చాక్‌పీస్ డస్ట్."

డాక్టరు నవ్వలేదు. నిదానంగా గుర్తు చేసుకుని వచ్చేసారి చెప్పమన్నాడు. అది తెలిస్తే ఏం వెతకాలో తమకు తెలుస్తుందని, ఆ రోజుల్లో ఆ దుమ్ములో మసలినవాళ్ళెవరైనా ఇంకా ఉంటే వాళ్ళు కూడా చూపించుకోవడం మంచిదని అన్నాడు. నాకు గుర్తు చేసుకోవలసిన అవసరమే లేకపోయింది. ఆయన తెల్లటి దుమ్ము అన్న మరుక్షణమే నా చెవిలో ఒక పాట మొదలైంది, కుర్చీలో కూర్చునే నా వేళ్ళు మోకాలి మీద దరువు వేశాయి, ఎన్నో ఏళ్ళుగా ఎరగని సంతోషం వేసింది. భయం ఆ తర్వాత వచ్చింది.

ఆ పాట పాడినాయన ఇంగ్లండు దొర. పేరు చెబితే ఇక్కడ పుట్టి పెరిగిన మన ఈడువాళ్ళకు ఇట్టే తెలుస్తుంది గానీ, మా ఇంట్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు, మాకు ఆయన టీపెట్టె దొర. వాయిద్యాలు కొనుక్కునే స్తోమతు లేని కుర్రాళ్ళు టీ పొడి వచ్చే చెక్కపెట్టెకు చీపురుకర్ర, తాడు బిగించి, బట్టలు రుద్దే రేకుపలక మీద వేళ్ళతో గీకి, ఒక పాత గిటారు పెట్టుకుని పాడుకునే ఆ పాటలకు స్కిఫుల్ అని పేరు. అదేమీ ఆయనే కనిపెట్టింది కాదట, కానీ దాన్ని ఊరూరా, ఇంటింటా మోగించింది మాత్రం ఆయనే. ముక్కుతో పాడేవాడు. కథ చెబుతున్నట్టు తాపీగా మొదలుపెట్టి, చరణం చరణానికీ జోరు పెంచి, చివరి చరణాన్ని ఒక్క గుక్కలో, ఇక ఊపిరి నిలవదేమో అని మనకు కంగారు పుట్టేలా పాడి ముగించేవాడు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, సింగపూరు ఉత్తరపు ఒడ్డున తెల్లవాళ్ళ ఓడల రేవులో పనికి కుదిరారు, మేము ఆ పనివాళ్ళ క్వార్టర్లలోనే పెరిగాం. కంచెకు అవతల నావికుల బారకాసులు ఉండేవి. సాయంత్రం గాలి ఇటు తిరిగిందంటే వాళ్ళ రేడియో మా వంటింట్లోకి వచ్చేది, ఆ గాలితోనే టీపెట్టె దొర కూడా మా ఇంటికి వచ్చాడు. మా అన్నయ్య అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే కంచె దాకా పరుగెత్తి నిలబడి విన్నాడు. ఇది మనమూ పాడొచ్చే, దీనికి గురువు అక్కరలేదే, అని ఆ రాత్రంతా నాతో అంటూనే ఉన్నాడు. అంతవరకూ సంగీతమంటే తెలిసినవాళ్ళు చేసేది, మనం కింద కూర్చుని వినేది అనుకున్నవాళ్ళం. ఆ మాట ఎంత పెద్దదో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక నావికుడి దగ్గర అన్నయ్య పాత గిటారు సంపాదించాడు. పక్కింటి మలయాళీ అబ్బాయి క్యాంటీను నుంచి టీపెట్టె మోసుకొచ్చాడు. రేకుపలక మాత్రం అమ్మది, దాన్ని ఆవిడ నాకు తప్ప ఎవరికీ ఇవ్వనంది, అందుకని పదిహేనేళ్ళ ఆడపిల్లను నేను కూడా బ్యాండులో చేరిపోయాను. అమ్మ కుట్టుపెట్టెలోని ఇత్తడి వేలితొడుగులు వేళ్ళకు పెట్టుకుని గీకితే ఎంత బాగా పలికేదో ఆ పలక. బట్టలు నానబెట్టుకుని కూర్చుని, పలక కోసం క్వార్టర్లన్నీ వెతికి వెతికి, ఈ గుంటలిద్దరికీ మతి పోనాదని అమ్మ తిట్టేది, తిడుతూనే మా పాటకు తల ఊపేది.

చిక్కల్లా చప్పుడుతో వచ్చింది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్ళు ఆ వరుసలో చాలామంది ఉండేవారు, వాళ్ళు నాన్నతో మొర పెట్టుకున్నారు, ఇక ఇంట్లో ఆ గోల వినపడకూడదని నాన్న గట్టిగా చెప్పేశారు. అప్పుడు అన్నయ్యకు ఒక ఉపాయం తోచింది. ఓడల్లో వేడి ఆవిరి వెళ్ళే గొట్టాలకు, బాయిలర్లకు తెల్లటి మందపు చాపలు చుట్టి, పైన పిండిలాంటిది మెత్తి పూసే ఒక కాంట్రాక్టరు దగ్గర అతను పని నేర్చుకుంటున్నాడు. ఆ సరుకు మూటలు దాచే గోదాము రేవు గేటుకు ఇవతల, మా క్వార్టర్లకు దగ్గర్లోనే ఉండేది. శనివారం మధ్యాహ్నం పని ముగిశాక దాని తాళం అన్నయ్య దగ్గరే ఉండేది.

ఆ గోదాము గురించి రాయాలంటే చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తాను, ఎందుకంటే నా జీవితంలో అంత బాగున్న చోటు ఇంకొకటి లేదు. నేల నుంచి కప్పు దాకా తెల్ల మూటలు. తలుపు వేసేస్తే మా పాట బయటికి చీమంతైనా వినపడేది కాదు, ఆ మూటలే చప్పుడంతా తాగేసేవి. కూర్చోవడానికి పరుపుల్లా మెత్తగా ఉండేవి, నేను కాళ్ళు పైకి పెట్టుకుని వాటి మీదే కూర్చునేదాన్ని. పక్కింటి అబ్బాయి టీపెట్టె తాడు లాగి వదిలినప్పుడల్లా దూలాల మీది తెల్లటి పొడి సన్నగా రాలేది, చెక్కల సందుల్లోంచి పడే ఎండలో అది మెరుస్తూ తేలుతుంటే మేము తలలు పైకెత్తి చూసేవాళ్ళం. చెమటకు వేళ్ళు జారకుండా అన్నయ్య అదే పొడి చిటికెడు తీసి అరచేతులకు రుద్దుకునేవాడు. ఆ పైన మా ముగ్గురికీ ఒక పందెం ఉండేది, దొరలాగా చివరి చరణమంతా ఒక్క గుక్కలో ఎవరు పాడగలరా అని. దానికి ముందు గుండెలు ఉబ్బేలా, కడుపు నిండా, ఎంత పడితే అంత గాలి పీల్చుకోవాలి. నేను బాగా పీల్చేదాన్ని. అన్నయ్య మెచ్చుకునేవాడు.

ఒక్కసారే మేము జనం ముందు వాయించాం, క్వార్టర్ల మైదానంలో పండగ రోజున. కంచె పక్కన నిలబడి చూసిన నావికులు ఈలలు వేశారు, వాళ్ళలో ఒకడు మాకు టోపీ తీశాడు. నాన్న వెనక వరుసలో చేతులు కట్టుకుని నిలబడి చూశారు, మర్నాడు అమ్మకు కొత్త రేకుపలక కొని తెచ్చారు, పాతది గుంటకి, అంటే నాకు, ఉంచేయమన్నారు. ఆ సంతోషం మీదే కాబోలు, ఆయన తన పైవాళ్ళను బతిమాలి అన్నయ్యకు స్టోర్సులో గుమస్తా పని చూశారు. ఫ్యాను కింద కూర్చుని చేసే పని. అన్నయ్య వద్దన్నాడు. ఆ పనికి వెళితే గోదాము తాళం ఇచ్చేయాలి, తాళం ఇచ్చేస్తే శనివారాలు పోతాయి. నాన్న కొన్నాళ్ళు అతనితో మాట్లాడలేదు, నేను మాత్రం లోలోపల గంతులు వేశాను. పై ఏడు ఆ తాళం ఎలాగూ కాంట్రాక్టరు వెనక్కి తీసుకున్నాడు, అప్పటికి గుమస్తా పనిలో వేరేవాళ్ళు చేరిపోయారు. అన్నయ్య ఆ తెల్లపొడి పనిలోనే ఉండిపోయాడు.

తెల్లవాళ్ళు రేవు వదిలి వెళ్ళిపోయారు, యజమానులు మారారు, అతని పని మారలేదు. మలయాలోని రబ్బరు తోటలో పెరిగిన మన తెలుగు పిల్లే వదినగా వచ్చింది. నేను టీచరునై, పాలడబ్బాలు, స్కేళ్ళు, రేకుపలకలు ఇచ్చి ఎన్ని తరగతుల పిల్లల చేత దరువు వేయించానో లెక్క లేదు, అదంతా టీపెట్టె దొర చలవే. అన్నయ్య ఇంటికి ఎప్పుడు వెళ్ళినా గిటారు తీసేవాడు. నలభై దాటుతున్న రోజుల్లో ఒకసారి చివరి చరణం మధ్యలో ఆగిపోయి నవ్వాడు, ముసలివాడివి అవుతున్నావని మేమంతా ఆట పట్టించాం. తర్వాత ఆ చరణం వదిలేసి పాడడం మొదలుపెట్టాడు. తర్వాత పాడడం మానేసి వాయించేవాడు. తర్వాత గిటారు గోడకు ఎక్కింది. పొగ తాగి ఎరగని మనిషి, పాత క్షయ తాలూకు మచ్చ అన్నారు, ఉబ్బసం అన్నారు, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు, యాభై నిండకుండానే వెళ్ళిపోయాడు. పక్కింటి అబ్బాయి కేరళకు తిరిగి వెళ్ళాడు, పడుకుంటే ఊపిరి ఆడక చివరి రోజుల్లో కూర్చునే నిద్రపోయేవాడని చాలా ఏళ్ళకు ఎవరి ద్వారానో తెలిసింది. ఆ రెండు చావులనూ నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. రాతినార చెడ్డదని పేపర్లలో చదివినప్పుడు కూడా అది పనివాళ్ళకు సంబంధించిన సంగతి అనుకున్నాను, పాడుకోవడానికి వెళ్ళినవాళ్ళకు కాదు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చాక చాలా రోజులు నేను మా అమ్మాయికి ఏమీ చెప్పలేదు. చెప్పడమంటే ఆ శనివారాలను నా చేతులతోనే తీసుకెళ్ళి ఆసుపత్రి ఫైల్లో పెట్టడమే. పైగా చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మామయ్యంటే మా అమ్మాయికి ప్రాణం, ఈ మాట విన్నాక అతన్ని ఏ కళ్ళతో చూస్తుందోనని కూడా జంకాను. నాకెలాగూ వయసైపోయింది, తెలిసి మాత్రం ఒరిగేదేముందని సర్దుకోబోయాను.

అప్పుడు వదిన ఫోన్ చేసింది. జురాంగ్ వెస్టులో కొడుకు దగ్గర ఉంటుంది, ప్రతి ఆదివారం మాట్లాడుకుంటాం. కూరగాయల గురించి, మోకాళ్ళ గురించి చెబుతూ చెబుతూ మధ్యలో దగ్గింది. పొడి దగ్గు, పొట్టిగా, గొంతులో వెంట్రుక అడ్డం పడ్డట్టు. పై ఫ్లాటులో గోడలు కొడుతున్నారు, ఆ దుమ్ము పడటం లేదు అంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఆ పని నిన్ననో మొన్ననో మొదలైందట, దగ్గు మాత్రం పండగ ముందు నుంచే ఉందట. ఆ దగ్గు నాకు బాగా తెలిసినదే, రోజూ నా గొంతులోంచి వచ్చేదే.

ఆ సాయంత్రమే మా అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది, చాలాసేపు కుళాయి చప్పుడు వినపడింది, తిరిగి వచ్చి ఒక్కటే అడిగింది.

"మామయ్యకి తెలుసా అమ్మా?"

"తెలీదే. మాలో ఎవరికీ తెలీదు."

మర్నాడు ఇద్దరం జురాంగ్ వెస్టుకు వెళ్ళాం. వదిన ఎప్పుడూ రేవు గడప తొక్కిన మనిషి కాదు, గోదాము ఎక్కడుండేదో కూడా ఆమెకు తెలియదు, అందుకని ఎలా మొదలుపెట్టాలో తోచక, అన్నయ్య పనిబట్టలు ఎవరు ఉతికేవారని అడిగాను. ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"ఇంకెవరమ్మా, నేనే. పొద్దుగూకి వచ్చేవోరు, గుమ్మం కాడే చొక్కా ఇప్పి నా చేతికిచ్చేవోరు. నేను దులుపుతుంటే ఆ తెల్లదంతా నా మొకం మీదే పడేది. మీ అన్న ఆ దొరలాగ ముక్కుతో పాడేవోరు. నేను నోరంతా తెరుచుకుని నవ్వేదాన్ని."

చెప్పి మళ్ళీ నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. మా అమ్మాయి లేచి మంచినీళ్ళు తెచ్చింది. డాక్టరు దగ్గరకు రావాలని మాత్రం చెప్పాను, ఎందుకో దారిలో చెబుతానన్నాను, వదిన ఎందుకని కూడా అడగకుండా చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లూ లేవు, గోదామూ లేదు. ఆ పొడి ముట్టుకోవాలంటే ఇప్పటి పనివాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని, ముఖానికి మరబొమ్మల్లా గొట్టాలు పెట్టుకుని వెళ్తారట. మంచిదే, అలాగే ఉండాలి. మా మనవరాలు ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని పాటలు వింటుంది, ఆ పాట పక్కన కూర్చున్న నాకు కూడా వినపడదు. మారింది లోకం ఒక్కటే కాదు. మనం చిన్నప్పుడు పాముకు, చీకటికి, నాన్న కోపానికి భయపడేవాళ్ళం. ఇప్పుడు నాకు ఏ సంగతైనా మరీ బాగుందంటే, అందులో ఏముందోనని భయం వేస్తుంది, ఈ వయసులో ఇలాంటి భయం నేర్చుకోవలసి వస్తుందని అనుకోలేదు.

డాక్టరు నేను చెప్పినదంతా ఓపికగా రాసుకున్నాడు, వదినకు వచ్చే వారం స్కాను పెట్టాడు. ఏ ఏళ్ళలో, ఎంతసేపు, తలుపులు తెరిచి ఉండేవా మూసి ఉండేవా, అన్నీ అడిగాడు. ముందే తెలిసి ఉంటే ఆ శనివారాలు వదులుకునేవారా అని మాత్రం అడగలేదు, ఆ ప్రశ్న రాత్రుళ్ళు నాకు నేనే వేసుకుంటున్నాను. నా ఊపిరి ఒక్కటే అయితే, వెళ్ళేదాన్నని ధైర్యంగా చెప్పి ఉండేదాన్ని. వదిన దగ్గు విన్నాక ఆ మాట నా నోట రావడం లేదు.