చిటికెన వేలి గోరంత

ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే మా బావ దేన్నైనా చేత్తోనే కొలిచి చూపేవాడు. ఆ చెయ్యి మీద నాకు కోపం ఇంకా చావలేదు.

అక్క పిత్తాశయంలో రాళ్లుంటే, కడుపులో గాలి నింపి, చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. ఆ గాలి వల్ల భుజం నొస్తుందనీ, బరువులెత్తొద్దనీ డాక్టర్ ముందే చెప్పాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లకు బావ చిటికెన వేలి గోరు చూపేవాడు. "గింత బొక్కకే మంచమెక్కింది సూడుండ్రి!"

"భుజం గుంజుతుంది," అంది అక్క.

"కడుపు కోస్తే భుజం నొస్తదా? నాటకాలు బంద్ జేసి నీళ్లు మోయ్."

"బావా, మీద బొక్క చిన్నదే. లోపల కోసింది చిన్నది గాదు," అన్నాను. వినలేదు.

అక్క బిందెలు మోసింది. బొడ్డు దగ్గర కుట్టు విడిపోయి పేగు పొడుచుకొచ్చింది. ఈసారి కడుపు జానెడు కోశారు.

అప్పుడు బావే బిందె ఎత్తుకున్నాడు. వచ్చినవాళ్లకు వేళ్లు చాపి జాన చూపించాడు.

"ఆపరేషనంటే గిది!"