చెవి కోసిన కుక్క, శాలువా కప్పిన డాక్టరు

డాక్టర్ దేవకృపకు తన గురించి తనకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. ముప్పయ్యేళ్ల సర్వీసు దాన్ని చెక్కుచెదరనివ్వలేదు. చెదరగొట్టడానికి ఒక్క శాలువా సరిపోయింది.

సికింద్రాబాద్‌లో ప్రభుత్వం నడిపే కుక్కల షెడ్డులో ఆవిడ సీనియర్ వెటర్నరీ డాక్టరు. సీనియర్ అంటే ఏమిటని అడిగితే ఆవిడే చెప్పేది: "జూనియర్‌కి ఉన్న పనంతా నాకూ ఉంటుంది. కుర్చీ మీద తువ్వాలు మాత్రం అదనం." రోజుకు పాతికకు తక్కువ కాకుండా ఆపరేషన్లు. వీధిలో పట్టుకొచ్చిన కుక్కకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలి, రేబీస్ టీకా వెయ్యాలి, గుర్తుగా ఎడమ చెవి కొస కాస్త కొయ్యాలి, పుండు మానాక ఎక్కడ పట్టారో సరిగ్గా అక్కడే వదలాలి. ఈ చివరి ముక్క చట్టం. ఎన్ని బళ్లలో, ఎన్ని చర్చి హాళ్లలో ఆవిడ ఆ ముక్క చెప్పిందో లెక్కలేదు. "కుక్కకు వీధే ఇల్లు. ఇంకోచోట వదిలితే అక్కడి కుక్కలు చీరేస్తాయి. ఇక్కడ ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి," అని వేలు ఆడిస్తూ చెప్పేది. వేలు ఆడించడం ఆవిడకు ఇష్టం.

మనుషుల డాక్టర్లకు దొరికే మర్యాద మాత్రం ఎన్నడూ దొరకలేదు. పెళ్లిళ్లలో "మా పిన్ని డాక్టరు" అని పరిచయం చేస్తారు. ఎదుటివాళ్లు బీపీ మాత్రల సంగతి ఎత్తగానే "పశువుల డాక్టరులెండి" అని గొంతు తగ్గిస్తారు. భర్త నోవహు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. బైబిల్లో జంతువులన్నిటినీ ఓడెక్కించి కాపాడినాయన పేరే ఆయనది. "నా పేరుకు తగ్గ ఉద్యోగం నువ్వు చేస్తున్నావు, జీతం ఇద్దరం తింటున్నాం," అనేవాడు. ఇంట్లో దొరికిన బిరుదు అదొక్కటే.

అలాంటి మనిషిని 2006 ఆగస్టు పదిహేనున కార్ఖానా ప్రాంతంలోని ఒక కాలనీవాళ్లు ముఖ్య అతిథిగా పిలిచారు. కాలనీ సంఘం అధ్యక్షుడు రామభద్రరావు, రిటైరైన ఇంజనీరు. జెండా ఎగిరింది. పిల్లలకు చాక్లెట్లు పంచారు. మైకులో "మూగజీవుల పాలిటి తల్లి" అన్నారు. జరీ అంచు శాలువా కప్పారు. అంత ఉక్కలోనూ ఆవిడ గంటసేపు దాన్ని తియ్యలేదు. రామభద్రరావు గేటు దాకా సాగనంపుతూ అన్నాడు.

"చిన్న మనవి, డాక్టర్‌గారూ. ఆ చెత్తకుండీ దగ్గర ఎర్ర కుక్క ఉందే, తెల్లారకముందే మొరుగుడు మొదలు. మీలాంటి పెద్దవాళ్లు తలుచుకుంటే కాస్త దూరంగా..."

"ఎక్కడిదక్కడే ఉండాలండి, రూలు..." అంటూ ఆవిడ వేలెత్తబోయింది. శాలువా జారింది. రెండు చేతులూ దాన్ని పట్టుకోడానికే సరిపోయాయి.

"సరే, చూస్తాను," అంది.

మర్నాడు షెడ్డు వ్యాను వెళ్లింది. డ్రైవరు సోమయ్య ఆ కుక్కను పట్టుకొచ్చి, చెవి చూపించాడు.

"మేడం, గిది మన కుక్కనే. రెండేండ్ల కింద మీరే కోసిన్రు. మల్ల ఏం కోస్తరు?"

"పునఃపరీక్ష."

"గదేంది?"

"కొత్త పద్ధతి, సోమయ్యా. బొల్లారంలో వదిలిరా."

సోమయ్య తలుపు దగ్గర ఆగాడు. "రేపు బడి పిల్లగాళ్లకు పాత పద్ధతి చెప్తరా మేడం, కొత్త పద్ధతి చెప్తరా?"

ఆవిడ వినిపించుకోలేదు. రిజిస్టరులో "యథాస్థానంలో వదలడమైనది" అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

నాలుగో రోజు బాలమ్మ వచ్చింది. ఆ కాలనీ రోడ్డు ఊడ్చే మనిషి. చేతిలో పొడుగాటి చీపురు అలాగే ఉంది.

"డాక్టరమ్మా, మా బుడ్డి యాడుంది?"

"బుడ్డి ఎవరు?"

"ఎర్ర కుక్క. మీ బండిలనే ఎక్కించిన్రు. వాచ్‌మన్ చూసిండు."

దేవకృప రిజిస్టరు తీసి చూపించింది. చదువురాని మనిషికి రిజిస్టరు చూపించడం సర్కారు కొలువులో అందరికంటే ముందు అబ్బే విద్య. "ఇదిగో, మీ వీధిలోనే వదిలామని రాసి ఉంది."

"రాసుంటే రాసుండనీ. కుక్క లేదు గద." బాలమ్మ చీపురు గోడకు ఆనించింది. "నాలుగు గొట్టంగ రోడ్డు మీదికొస్త. లైట్లుండవు. తాగినోళ్లు బండ్ల మీద ఎనకెనకనే వస్తరు. బుడ్డి ముందు నడిస్తే ఒక్కడు దగ్గరికి రాడు. అది పోయినసంది తెల్లారినంకనే వస్తున్న. రేపు సుత ఆలస్యమైతే నా రోడ్డు ఇంకొకరికి ఇస్తనని మేస్త్రీ అన్నడు. నౌకరి పోతే ఏం తినాలె?"

కాలనీవాళ్లకు మొరుగుడు వినపడింది. అది ఎవరి కోసం మొరుగుతోందో కనుక్కోవాలని ఒక్కరికీ తోచలేదు. వాళ్లు లేచేసరికి రోడ్డు శుభ్రంగా ఉంటుంది. దాని వెనక ఒక ఆడమనిషి భయం ఉంటుందని తెలియకుండానే బతుకులు వెళ్లిపోతాయి. వాళ్ల సంగతి సరే, మూగజీవుల పాలిటి తల్లికి ఏమైంది? మైకు ముందు శాలువా కప్పుకుంటే చెవులు కూడా మూసుకుపోతాయి కాబోలు అనుకుంది దేవకృప. అనుకుని కూడా అబద్ధాన్ని ఇంకొంచెం సాగదీయబోయింది.

"వెతికిస్తాను. ఒక రెండు మూడు రోజుల్లో..."

వ్యాను టైరు తడుముతున్న సోమయ్య టైరుతోనే చెప్పినట్టు, "బొల్లారం ఎంత దూరం, అర్ధగంటే," అన్నాడు.

బాలమ్మ అతన్ని చూసి, ఆవిడను చూసింది. "బొల్లారంల ఉందా?"

"ఉంది. నేనే పంపాను."

"మరి కూసున్నవేంది? లే," అంటూ బాలమ్మ చీపురు అందుకుంది.

ఆ తువ్వాలు కుర్చీలోంచి ఆవిడను అట్లా లేపినవాళ్లు అంతవరకు లేరు, డైరెక్టరుతో సహా.

బొల్లారంలో రైలు గేటు పక్కన దిగి, దేవకృప "బుడ్డీ, బుడ్డీ" అని ముద్దుగా పిలిచింది. అక్కడి కుక్కల్లో సగంవాటి చెవులు ఆవిడ కోసినవే. పాత పరిచయం గుర్తొచ్చి అవన్నీ తోకలు ముడిచి సందుల్లోకి నడిచాయి.

"మేడం, మీరు బండిల కూసుండ్రి," అన్నాడు సోమయ్య. "మీరు నిలబడితే బొల్లారంల ఒక్క కుక్క సుత మిగల్దు."

ఆవిడ వెళ్లి వ్యానులో తల వంచుకుని కూర్చుంది. బాలమ్మ చీపురుతో నేల మీద బరబరా రెండుసార్లు గీసింది. విరిగిన తోపుడుబండి కిందినుంచి ఎర్ర కుక్క పాక్కుంటూ వచ్చింది. కుడి చెవి చీరుకుపోయింది. వెనక కాలి మీద పళ్ల గాట్లు. బాలమ్మ దాని మూతి పట్టుకుంటే దేవకృప గాయాలు కడిగి, మందు పూసి, సూది మందు ఇచ్చింది. ఉపన్యాసాల్లో తను చెప్పిన ప్రతి ముక్కా నిజమేనని తేలింది. సంతోషించాల్సిన విషయమే.

కాలనీకి తిరిగొచ్చేసరికి చెత్తకుండీ చుట్టూ మూడు కొత్త కుక్కలున్నాయి. గేటు దగ్గర రామభద్రరావు పేపరుతో నిలబడి ఉన్నాడు.

"ఇవెక్కడినుంచి దిగాయండీ డాక్టర్‌గారూ?"

"ఖాళీ చూసి వచ్చాయండి."

"మళ్లీ దాన్నే తెచ్చారా? మొన్ననే కదండీ మిమ్మల్ని సన్మానించుకున్నాం."

"అందుకేనండి అప్పుడు దాన్ని పట్టుకెళ్లాను. ఊరికే అడిగితే చేసేదాన్ని కాదు."

"నేనేం తప్పుడు పని చెయ్యమనలేదే. కాస్త దూరంగా అన్నాను, అంతే."

అదీ నిజమే. ఆయనకు చట్టం తెలియదు. తెలిసిన మనిషి ఆ రోజు శాలువా సర్దుకుంటూ నిలబడింది.

బాలమ్మ కుక్కను చంకలోంచి దించలేదు. "రేపు ఇంకో బండొచ్చి ఎత్కపోతే నేనేం చెయ్యాలె? కాయితం రాసియ్యి డాక్టరమ్మా. గిది గీ గల్లీ కుక్క అని, నువ్వే కొంచవోయి నువ్వే తెచ్చినవని. దస్కత్ పెట్టు."

అలాంటి కాగితం డైరెక్టరు దాకా వెళ్తే మెమో ఖాయం. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. దేవకృప వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని, ఆఫీసు లెటర్‌హెడ్డు మోకాలి మీద పెట్టుకుని రాసింది. రాసింది పైకి చదివింది.

"ఈ కుక్క ఈ వీధికి చెందినది. ఆపరేషన్, టీకా పూర్తయినవి. పొరపాటున బొల్లారంలో వదలడమైనది..."

"ఆగు. పొరపాటున అంటే?"

"తెలియక జరిగిందని."

"నీకు తెల్వదా?"

రామభద్రరావు పేపరు పేజీ తిప్పాడు. సోమయ్య స్టీరింగు వైపు చూశాడు. ఆవిడను ఆదుకునేవాళ్లు ఆ గేటు దగ్గర ఎవరూ లేరు.

"తెలుసు," అంది.

"మరి గదే రాయి. రేపు ఎవడన్న అడిగితే నేను అబద్ధం కాయితం చూపియ్యాల్నా?"

దేవకృప "పొరపాటున" కొట్టేసింది. పైన "నిబంధన తెలిసే" అని రాసింది. కొట్టివేత పక్కన ఆఫీసు పద్ధతిలో పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం, వ్యానులోంచి తెప్పించిన స్టాంపు.

బాలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, కుక్కను నేల మీదికి దించింది. అది కుంటుకుంటూ చెత్తకుండీ దాకా వెళ్లి, మూడు కొత్త కుక్కల ముందు నిలబడి గుర్రుమంది. అవి రోడ్డు దాటి అవతలికి జరిగాయి.

"పోయి రా, డాక్టరమ్మా," అంది బాలమ్మ, చీపురు అందుకుంటూ. "పొద్దుగాల నాలుగింటికి నాకు పనుంది."