మణ్ణిన కంపు

పోయినవి ముందు రాస్తాను. కరెంటు గిటార్లు రెండు. డ్రమ్ముల సెట్టు ఒకటి. స్పీకరు పెట్టెలు నాలుగు. అందులో ఒకటి అప్పటికే పగిలి ఉంది, అయినా లెక్కలోకి వస్తుంది. ఒప్పుకున్న జాతర్లు ఐదు. రెండో క్యాసెట్టు కోసం కట్టిన పాటలు ఆరు. వాటిని ఎవరూ రికార్డు చేయలేదు కాబట్టి ఇక దొరకవు. ఇద్దరు స్నేహితుల మధ్య మాటలు. ఒక మనిషి గొంతు. ఇవన్నీ రెండక్షరాల మాట దగ్గర పోయాయి. ఆ మాట చదివింది నేను.

నేను శెనక్కాయలు ఒలిచే మిల్లులో మూటలు తూచి రాసేవాణ్ణి. మా ఊరు సరిహద్దుకు కన్నడ వైపు, అవ్వ ఊరు ఆంధ్ర వైపు ఉండేది. అక్కడ తెలుగు బడిలో మూడు తరగతులు చదివాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కన్నడ అక్షరాలు బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. తెలుగు అక్షరానికి తలకట్టు కొంచెం మారిస్తే కన్నడ అక్షరం అవుతుంది. నాకు పన్నెండు రోజులు పట్టింది. మాట్లాడే కన్నడం చిన్నప్పటి నుంచీ వచ్చు. రాసే కన్నడం దానికంటే పెద్దదని నాకు తోచలేదు.

అది వరసగా మూడో కరువు. మిల్లు ఆగిపోయింది. పని లేనివాళ్లం పొద్దున్నే వచ్చి మిల్లు రేకుల నీడలో కూర్చునేవాళ్లం. పక్కనే టీ అంగడి, అందులో టేపురికార్డరు. రోజంతా ఒకే పాట. ఒకనాడు లెక్కపెట్టాను, పంతొమ్మిది సార్లు వేశారు.

ఆ పాట మా ఊరి బ్యాండుది. నలుగురు మనుషులు, ఇరవై ఏళ్లకు పైగా జాతర్లలో, పెళ్లిళ్లలో వాయించారు. పాడేది, పెద్ద గిటారు వాయించేది ఒకరే. అరవైకి దగ్గరపడిన మనిషి, మెడ దాకా తెల్ల జుట్టు. ఊరంతా ఆయన్ని గిటారు మామ అనేది. పాటలో బోరు వేస్తుంటారు. మామ అడుగులు లెక్క చెబుతాడు: నూరు, రెన్నూరు, మున్నూరు. ఒక్కో అంకెకు ఒక డ్రమ్ము దెబ్బ. ఏడు నూర్ల దగ్గర దుమ్ము తప్ప ఏమీ రాదు. అక్కడ గిటారు ఒక్కసారి అరిచి ఆగిపోతుంది. హొసకోట బస్సుల్లో కూడా అదే పాట మోగేది.

అయినా బ్యాండు విడిపోయేలా ఉంది. మిగతా ముగ్గురూ బెంగళూరుకు కట్టడం పనికి పోవడానికి బట్టలు సర్దుకున్నారు. మామ వాళ్లను ఆపాడు. "క్యాసెట్ల అంగడాయన మన పాటను బెంగళూరు కన్నడ పేపరుకు పంపినాడు. ఆడ బాగుందని రాస్తే రెండో క్యాసెట్టు చేస్తానన్నాడు. ఏం రాస్తారో సూసి పోదురు లేప్పా."

పేపరు పది గంటల బస్సుకు వచ్చింది. మిల్లు దగ్గర మామతో కలిపి ఇరవై మంది ఉన్నారు. కన్నడం చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అందరూ నన్నే చదవమన్నారు. లోపలి పేజీలో అడుగున, రెండే రెండు వాక్యాలు. పైకి చదివాను.

"వయస్సాద ఒరటు కంఠ. హాడిన తుంబ మణ్ణిన కంపు."

వయసైపోయిన మొరటు గొంతు, పాట నిండా మట్టి కంపు అని తెలుగులో చెప్పాను.

మామ అన్నాడు, "కంపు అనే రాసినాడా?"

చూసి, అవునన్నాను.

"సరిగ్గా సూడప్పా. నువ్వు లెక్క మనిషివి."

అక్షరం మీద వేలు పెట్టి చూశాను. క, దాని పక్కన సున్న, పు. అవునన్నాను.

మూడోసారి అడిగాడు. మూడోసారీ అదే చెప్పాను. మూటనైనా నేను మూడుసార్లు తూస్తాను. తూకం రాయే తప్పైతే మూడుసార్లు తూచి ఏం లాభమో అప్పటికి తెలియదు.

మామ వీరాభిమాని ఒక టైలరు ఉండేవాడు. అతను లేచాడు. "కొళాయి నీళ్లు తాగేటోనికి బోరు పాట ఏం తెలుస్తాది? వాణ్ణి ఈడికి రమ్మను, ఒక బిందె మోపిస్తా."

గొర్రెలు మేపే ఆయన టైలరుకు చిన్ననాటి స్నేహితుడు. అతనికి నవ్వులాట ఎక్కువ. "నిజం రాస్తే అంత కోపమేందిరా? ఆ గిటారు అరిస్తే నా గొర్రెలు రెండు మైళ్లు పోతాండాయి. కంపు కాకపోతే అత్తరా?"

"నీ గొర్రెబొచ్చు కంబడి కంపు ముందు కడుక్కోరా."

"నా కంబడి గురించి ఏ పేపరోడూ రాయలేదు లే."

"జనం ఊరూరా వింటాండారు గదా. అంతమంది సెవులు సెడ్డవా, వాని ఒక్కని సెవులు మంచివా?"

"జనానికేం, పని లేదు, వింటాండారు. వానలొస్తే నువ్వే వినవు."

మొదట అందరూ నవ్వారు. తర్వాత రెండు జట్లయ్యారు. పెద్ద ఊరివాళ్లకే పాట తెలుస్తుందని ఒక జట్టు, మన పాట మనకే తెలుస్తుందని ఒక జట్టు. టైలరు పేపరు లాక్కుని టీ పొయ్యిలో పెట్టాడు. గొర్రెలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. టైలరు కొట్టాడు. మామ మధ్యలోనే కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు.

చివరికి ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "ఎండిన బాయి కంపు కొట్టక ఇంకేం కొడతాదప్పా," అని వెళ్లిపోయాడు.

మర్నాటి బస్సుకు ముగ్గురూ బెంగళూరుకు పోయారు. జాతర్ల వాళ్లకు రావడం లేదని మామ కబురు పంపాడు. నెల తర్వాత ఆయన కూడా బెంగళూరు పోయి ఒక గోడౌను దగ్గర కాపలాకు కుదిరాడు. అక్కడ ఆయన పాడగా విన్నవాళ్లు లేరు. రెండో ఏడు జ్వరం వచ్చి అక్కడే పోయాడు. ఇంట్లో ఉండిపోయిన గిటార్ల, స్పీకరు పెట్టెల వైర్లు, డ్రమ్ముల తోలు ఎలుకలు కొరికేశాయి.

నాలుగేళ్ల తర్వాత, హొసకోటలో ఒక అంగట్లో ఊదుబత్తి ప్యాకెట్టు కొన్నాను. దాని మీద "మల్లిగెయ కంపు", అంటే మల్లెల కంపు, అని అచ్చేసి ఉంది. నాకు నవ్వొచ్చింది. ఊదుబత్తి మీద కంపు అని ఎవరైనా రాసుకుంటారా అని అంగడామెను అడిగాను. ఆమె కన్నడామె. ఆమె కూడా నవ్వింది.

"కంపు అంద్రె సువాసనె కణప్పా."

అంగడి మెట్టు మీద కూర్చున్నాను. పొయ్యిలో కాలిన రెండు వాక్యాలు మళ్లీ చదువుకున్నాను. వయసు మీరిన మొరటు గొంతు. పాట నిండా మట్టి పరిమళం. తొలి చినుకు పడ్డప్పుడు నేల నుంచి లేచేది. ఆ పేపరాయన మామను పొగిడాడు. ఆ ఇరవై మందికీ కన్నడం మాటల్లో వచ్చు. మేము వాసన అంటాం, గమగమ అంటాం. పుస్తకాల్లో ఉండే ఆ మాట మా చెవిన ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ల జాబితా రాసుకున్నాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నేను చెప్పిన అర్థం తప్పని చెప్పాను. గొర్రెలాయన విని చాలాసేపు కర్రతో నేల గీశాడు. టైలరు మిషను ఆపకుండానే అన్నాడు, "ఇప్పుడు సెప్పి యావనికి లాభమప్పా?" వాళ్లిద్దరూ తర్వాత కూడా మాట్లాడుకోలేదు. బెంగళూరులో ఉన్న ముగ్గురిలో ఇద్దరి అడ్రసులు దొరికాయి, మూడో అతనికి వాళ్లే చెప్పారు.

జాబితాలో పంతొమ్మిది కొట్టివేతలు ఉన్నాయి. ఇరవయ్యో పేరు ఆయనది. ఆయన నన్ను మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లు అవునన్నాను. అక్షరం అదే, అర్థం అది కాదని ఆయనకు చెప్పవలసినవి ఇప్పటికీ మూడు.