చిమ్నీ పొగ చూడమన్నాను

నేను రాసిన వ్యాసాలన్నీ ఎవరినో ఓడించడానికి రాసినవే. దిష్టి తీసేవాళ్ళను, తాయెత్తులు కట్టేవాళ్ళను, వాస్తు పేరుతో మంచి గోడలు పగలగొట్టించేవాళ్ళను. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోవడం చర్చావేదికల మీద చిన్న వయసులోనే అబ్బింది. ఏం చేయాలో వరసగా చెప్పే వ్యాసం మాత్రం జీవితంలో ఒక్కటే రాశాను.

మల్కాపురంలో మా వీధిలో నిలబడితే ఒక ఫ్యాక్టరీ చిమ్నీ కనిపిస్తుంది. నెలకోసారి పొద్దున్న పది గంటలకు పరీక్ష కోసం సైరన్ మోగిస్తారు. గ్యాసు లీకై నిజంగానే మోగితే ఎటు వెళ్ళాలో మాలో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎవరో పంచిన కాగితం ఒకటుండేది. అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరూ చదవలేదు. మా ఎదురింటివాళ్ళు దాంట్లో పకోడీలు పోసుకున్నారు. జనం చదివేలా రాయమని వీధి సంఘం నన్ను అడిగింది.

రాశాను. ఎనిమిది మెట్లు. మొదటిది పరుగెత్తవద్దని, రెండోది ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమని. మూడోది ఇలా ఉంటుంది: "తలెత్తండి. మన చిమ్నీ రోజూ మనకు బూడిదే ఇచ్చింది. ఈ ఒక్కరోజు దానిచేత పని చేయించుకోండి. పొగ ఎటు పోతుందో చూడండి. దానికి ఎదురు దిక్కున నడవండి." ఆ మెట్టు చదివి వీధి వీధంతా నవ్వింది. ఇంటింటికీ కాగితం అంటించారు. మంత్రాలు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు అని నిరూపించానని లోపల పొంగిపోయాను. నా కళ్ళతో నేను ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

వీధి చివర సముద్రం మీద వేటకు వెళ్ళే ఒకాయన ఉన్నాడు. నా వయసువాడే. టీ కొట్టు దగ్గర నన్ను ఆపాడు.

"ఆ మూడోది నీకెవులు సెప్పారు బావా?"

"ఎవరూ చెప్పలేదు. ఆలోచించి రాశాను."

"ఆలోసించీసావా. మరింకేటి." గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. "పైగాలి సూసి కిందోళ్ళని నడిపిత్తన్నావు. తెల్లారగట్ల మేం బోటు తీసేటప్పుడు కిందగాలి సముద్రంలోకి తోస్తాది. పైన మబ్బు కొండేపు ఎల్తాది. రెండూ ఒకటే అనుకున్నోడు ఇంటికి రాడు."

అలవాటు కొద్దీ అరగంట వాదించాను. ఆయన నవ్వుతూ విన్నాడు.

"నాకు వాదన రాదు బావా. రేపు పొద్దున్న అగరొత్తి ఒకటి ఎలిగించి సూడు."

మర్నాడు తెల్లారుతూనే ఐదున్నరకు కొట్లో అగరుబత్తి కట్ట అడిగాను. "ఏటి బాబూ, దేవుడు కనిపించీసాడా?" అన్నాడు కొట్టాయన. వీధి మధ్య ఒకటి వెలిగించి మోకాలి ఎత్తులో పట్టుకున్నాను. చిమ్నీ పొగ కొండవైపు పోతోంది. అగరుబత్తి పొగ హార్బరు వైపు పోతోంది. పుల్ల అయిపోయేదాకా చూశాను. రెండోది వెలిగించాను. అదీ హార్బరు వైపే. ఆ నిమిషంలో సైరన్ మోగితే, నా మాట నమ్మిన ప్రతి మనిషీ హార్బరు వైపు, గ్యాసుతో పాటే నడుస్తాడు.

కాగితాలు చింపడం మొదలుపెట్టాను. మూడో ఇంట్లో బట్టలు కుట్టే అమ్మాయి, మంచం దిగాలంటే మనిషి సాయం కావలసిన ఆమె అత్తగారు, ఇద్దరే ఉంటారు. కాగితం పొయ్యి పక్క గోడకు అంటించి ఉంది.

"అది తీసెయ్యాలమ్మా. మూడో మెట్టు తప్పు రాశాను."

"ఇంత బాగా రాసింది తప్పెలాగవుద్ది బాబాయ్? మా అత్తకి కూడా వచ్చీసింది, కావాలంటే ఇను."

మంచం మీంచి ఆ ముసలామె కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. "తలెత్తండి. మన చిమ్నీ రోజూ మనకు బూడిదే ఇచ్చింది..." ఒక్క మాట పోలేదు. చప్పగా రాసి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేది.

అప్పుడే సైరన్ మోగింది. ఏడు కూడా కాలేదు.

బయటికొచ్చి చూస్తే వీధంతా వాకిళ్ళలో ఉంది. ఎవరూ పరుగెత్తడం లేదు. ముక్కులకు తడిగుడ్డలు. అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. నేను చెప్పినట్టే, చిమ్నీ వైపు. నా జీవితంలో ఏ సభా నా మాట అంత శ్రద్ధగా వినలేదు. "పైకి చూడకండి" అని అరిచాను. వేల మంది ముందు పలికిన గొంతు సైరన్‌లో కలిసిపోయింది.

ఆ అమ్మాయి అత్తను నడుం పట్టి దించుకుని హార్బరు వైపు తిరిగింది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. భుజం మీది తువ్వాలు తీసి మోకాలి దగ్గర వేలాడదీశాను. దాని కొస హార్బరు వైపు లేచింది.

"ఇది చూడు. గాలి అటే పోతోంది. పక్క సందులోకి తిరుగు."

ఆమె తువ్వాలు చూసింది. చిమ్నీ చూసింది. మళ్ళీ తువ్వాలు చూసింది.

"ఏది నమ్మమంటావు బాబాయ్? నువ్వు రాసిందా, నువ్వు సెప్పిందా?"

తువ్వాలు ఇంకా కిందికి దించి పట్టుకున్నాను. ఆమె కదలలేదు. సైరన్ ఆగింది. అది పరీక్షేనని, ఈసారి రోజు, వేళ రెండూ మార్చారని కాసేపటికి ఫోన్లలో తెలిసింది. ముసలామె అక్కడే రోడ్డు మీద కూలబడిపోయింది.

కొత్త కాగితం వేశాం. మూడో మెట్టులో చమత్కారం లేదు. వాకిట్లో మోకాలి ఎత్తులో గుడ్డపీలిక కట్టండి, అది ఎగిరే దారి వదిలి పక్కకు నడవండి, అంతే. ఆ అమ్మాయి పాత చీర అంచు చింపి కట్టింది. దిష్టికి గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలకు సరిగ్గా కింద. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాను. పోయిన నెల సైరన్ మోగినప్పుడు ఆమె ముందు చిమ్నీ చూసి, తర్వాత పీలిక చూసింది.

ఆ అమ్మాయి పాత కాగితం ఫొటో తీసి పరవాడలో ఉన్న తన అక్కకు పంపిందట. ఆ సంగతి ఆలస్యంగా చెప్పింది. పోయిన వారం ఆ ఫొటో గోపాలపట్నం నుంచి, నాకు ముఖపరిచయం కూడా లేని మనిషి దగ్గర్నుంచి, నా ఫోన్‌కే వచ్చింది. మూడో మెట్టు కింద ఎర్ర గీత, "చాలా బాగుంది, అందరికీ పంపండి." దిద్దుబాటు రాసి పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

పరవాడ అక్క ఇంటి ముందు ఇంకా పెద్ద చిమ్నీలు ఉన్నాయట. ఆమెకు ఫోన్ చేస్తే, "కంఠతా వచ్చు బాబూ, సెప్పమంటారా?" అంది. వద్దన్నాను. అగరుబత్తి కట్ట జేబులో పెట్టుకుని, తెల్లారక ముందే పరవాడ వెళ్ళే మొదటి బస్సు కోసం నిలబడ్డాను.